కిటికీలో నాలుగో సీసా

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు షిబ్రు గాషే చచ్చిపోయాడు.

మూడు గంటల పదకొండు నిమిషాలకు గురక పెట్టాడు.

ఆ ఒక్క నిమిషంలోనే గోందర్‌లో సగం ఊరు “గాషే, పెద్దాయనా!” అని ఏడ్చేసింది. మిగతా సగం, “వర్క్‌నెష్ తేనెకల్లులో విషం కలిపింది” అని తేల్చేసింది. ఏడ్చినవాళ్లు కూడా కళ్లు తుడుచుకుని రెండో జట్టులో చేరిపోయారు.

మూడు ఇరవైకి గురక ఆగింది. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. అప్పుడిక ఎవరూ నవ్వలేదు. ఆంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది.

మూడున్నరకి ఇన్‌స్పెక్టర్ అస్నాకెచ్ కల్లింటి గడప దాటింది.

లోపల నేలంతా పచ్చగడ్డి పరిచి ఉంది. గోడవారన మూడు పీపాలు. మొదటి పీపా మీద ఆరోగ్యశాఖ మనిషి ఒకడు గొడ్డలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఆ గొడ్డలేంటి?” అంది అస్నాకెచ్.

“ఆర్డర్, మేడమ్. సరిగ్గా ఐదింటికి పీపాలు పగలగొట్టాలి. ఇల్లు సీలు. ఈవిడ మీ జీపులో. కల్లులో విషం లేదని ఎవరైనా తేలిస్తే వేరే సంగతి.” వాడు గడియారం చూసుకున్నాడు. “ఇంకా గంటన్నర ఉంది. నాకేం తొందర లేదు.”

ఇంటి యజమాని వర్క్‌నెష్, ఊరందరికీ ఎట్యే, అంటే పెద్దక్క, తెల్ల శాలువా భుజాన వేసుకుని నిటారుగా నిలబడి ఉంది. వయసు అరవై మూడు. నోరు మాత్రం ఇంకా పదునే.

“పగలగొడతాడట! ముందు ఆ పీపా మీంచి లేవమను. అది మా అమ్మమ్మది. వాడి బరువుకే పగిలేట్టుంది.”

వర్క్‌నెష్ ఇంట్లో ఏం కావాలని ఎవరూ అడగరు. ఆవిడ మీ మొహంలోకి చూస్తుంది. అంతే. తీపి, మధ్యస్తం, ఘాటు. మూడింట్లో మీ నాలుకకి ఏది నప్పుతుందో మీకన్నా ముందు ఆవిడకి తెలుస్తుంది. ఒకసారి ఒక కర్నల్ తీపి అడిగితే ఘాటు పోసింది. ఆయన ఒక గుక్క తాగి, పుట్టిన దగ్గర్నించీ తనకి తీపి పడదని అప్పుడే తెలుసుకుని నలభై నిమిషాలు ఏడ్చాడు. తర్వాత ఉద్యోగం కూడా మార్చుకున్నాడు.

నలభై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఒక్క సీసా కూడా వెనక్కి రాలేదు. గోందర్‌లో పుట్టిన పిల్లలకి ఈ లెక్క అక్షరాల కన్నా ముందు వస్తుంది.

అస్నాకెచ్ బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల మీద మూడు బెరెలేలు. గుండ్రటి బొజ్జ, వేలంత సన్నని మెడ ఉన్న గాజు సీసాలు. ఒకటి ఖాళీ. ఒకటి సగం. మూడోది మెడదాకా నిండుగా ఉంది. దాని మీద ఒక్క ఈగ కూడా లేదు.

“ఎవరిది ఏది?”

“ఖాళీది షిబ్రుది. ఘాటు,” అంది వర్క్‌నెష్. “తియ్యగా నవ్వడం కూడా చేతకాని మనిషి. ముప్ఫై ఏళ్లుగా అదే. సగం ఉన్నది హబ్తేది. మధ్యస్తం. ఆయన ఏ మాట మీదా నిలబడడు.”

“నిండుగా ఉన్నది?”

వర్క్‌నెష్ శాలువా సర్దుకుంది.

“అది జెవ్దుది. జెవ్దు తాగేది తీపి. అందరికీ తెలుసు.”

“పోసింది మీరేనా?”

“నేనే. పోసేముందు అరచేతిలో వొంపుకుని నేనే తాగాను. మా అమ్మా అంతే చేసేది. విషం ఉంటే ముందు నేను పడాలి కదా, తల్లీ. నిలబడే ఉన్నాను చూడు.”

“అరచేతికి తెలీకుండా తర్వాత సీసాలో కలపొచ్చు,” అన్నాడు గొడ్డలివాడు.

“నీ మొహం చూస్తే ఏం పొయ్యాలో నాకు బాగా తెలుసు,” అంది వర్క్‌నెష్.

నాలుగు పదికి ఆసుపత్రి నుంచి ఫోన్. అస్నాకెచ్ విన్నది. పెట్టేసింది.

“నిద్రమాత్రలు. కల్లులో పొడి చేసి కలిపారు. ఎన్నో తెలీదు. మనిషికి డెబ్బై రెండేళ్లు. ఎన్ని మింగాడో తెలిస్తే డాక్టర్‌కి పని తేలికట.”

గదిలో మిగిలిన ఇద్దరు పెద్దమనుషులూ లేచి నిలబడ్డారు. హబ్తే రిటైరైన హెడ్‌మాస్టరు. జెవ్దు రిటైరైన బస్సు డ్రైవరు. షిబ్రుతో కలిసి ముగ్గురూ ఇవాళ ఐదున్నరకి ఫికిర్తె అనే అమ్మాయి ఇంటికి పెద్దరికానికి వెళ్లాలి. వర్క్‌నెష్ కొడుకు యారెద్‌కి పిల్లనడగడానికి. మాట్లాడాల్సింది షిబ్రు.

“హబ్తే గాషే, వరసగా చెప్పండి. టైముతో సహా.”

“రెండు ఇరవైకి వాళ్లిద్దరూ వచ్చారు. నేను రెండున్నరకి వచ్చాను. నా జీవితంలో అదొక్కటే ఆలస్యం, రాసుకో. రెండు నలభైకి సిలువ పట్టుకుని ఫాదర్‌గారు వీధిలో వెళ్తున్నారు. అప్పటికి షిబ్రు పెళ్లి మాటలు వల్లెవేసుకుంటూ ఇంకా ఒక్క గుక్క కూడా తాగలేదు. ముగ్గురం లేచి వెళ్లి సిలువని ముద్దుపెట్టుకున్నాం. ముందు నేను. తర్వాత షిబ్రు. చివర జెవ్దు.”

“సీసాలు బల్ల మీదే వదిలేశారా?”

“మరి సిలువ దగ్గరికి సీసాతో వెళ్తామా, ఇన్‌స్పెక్టరమ్మా? షిబ్రు సీసా మూతి మీంచి బొటనవేలు నిద్రలో కూడా తియ్యడు. దిష్టి తగులుతుందని. సిలువ కోసం తీశాడు.”

“అంటే చివర లేచింది జెవ్దు గాషే.”

జెవ్దు కోపంగా నవ్వాడు. “చివర లేస్తే నేరమా? అలా అయితే నా బస్సులో చివరి సీటువాళ్లందరినీ అరెస్టు చెయ్యి. నా జేబులు వెతుక్కో.”

వెతికింది. రుమాలు, జపమాల, ఇంటి తాళం. అంతే.

“ఆలోచించు,” అన్నాడు జెవ్దు. “ఈ మెడలోంచి మాత్రల పొడి పొయ్యాలి. కలపాలి. అది కరగాలి. పది సెకన్లలో అవుతుందా?”

“అవదు. కానీ సీసాలు మార్చెయ్యడానికి ఒక్క సెకను చాలు. మీ సీసాలో ముందే కలుపుకుని.”

“నాది తీపి. షిబ్రుది ఘాటు. నా సీసా వాడి చేతిలో పెడితే మొదటి గుక్కకే నా మొహాన ఉమ్మేవాడు. తీపిలో మాత్రల చేదు దాగుతుందా? నువ్వే చెప్పు.”

అస్నాకెచ్ జేబుల్లోంచి తీసినవి ఆయనకి తిరిగిచ్చేసింది. ఆయన అన్నది నిజం.

నాలుగు ముప్ఫై ఐదు. గొడ్డలివాడు లేచి చేతులు విదిలించుకున్నాడు. భుజాలు అటూ ఇటూ తిప్పాడు.

అస్నాకెచ్ గది చుట్టూ తిరిగింది. పీపాల వెనక చిన్న కిటికీ. దానికి తెర. తెర వెనక సన్నగా జుమ్మని చప్పుడు.

తెర తీసింది.

కిటికీ గట్టు మీద నాలుగో బెరెలే. నిండుగా ఉంది. లోపల ఏడు తేనెటీగలు తేలుతున్నాయి. మూతి మీద ఇంకో నాలుగు తమ వంతు కోసం చూస్తున్నాయి.

“ఇది ఎవరికి పోశారు, ఎట్యే?”

వర్క్‌నెష్ గోడ వైపు చూసింది. “తేనెటీగలకి.”

“తేనెటీగలకి బెరెలేలో పోస్తారా?”

“ఇంటికొచ్చాయి కదా. అతిథులే.”

“ఎట్యే, నాలుగు నలభై అయింది. ఇంకో ఇరవై నిమిషాల్లో మీ అమ్మమ్మ పీపా ముక్కలవుతుంది. ఆసుపత్రిలో ఒక మనిషి ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. ఈ సీసా సంగతి వాటన్నిటికన్నా పెద్దదా?”

వర్క్‌నెష్ శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుసగుసలాడింది. అస్నాకెచ్ దగ్గరికి జరిగి చెవి పెట్టాల్సి వచ్చింది.

“జైలుకి పోతే తిరిగి వస్తాను, తల్లీ. ఈ మాట బయటికి పోతే తిరిగి రాదు.”

“ఏ మాట?”

“ఇవాళ... రెండు ఇరవై ఐదుకి... ఒక సీసా వెనక్కి వచ్చింది.”

నాలుగు యాభై రెండు.

అస్నాకెచ్ అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టింది. నిండుగా ఉన్న మూడో సీసా ఎత్తి కిటికీ గట్టు మీద నాలుగో సీసా పక్కన పెట్టింది.

“చూడండి.”

చూశారు. తేనెటీగలు నాలుగో సీసా చుట్టూనే తిరిగాయి. ఒకటి మాత్రం పొరపాటున మూడోదాని మూతి మీద వాలింది. వెంటనే లేచిపోయింది. అవమానం జరిగినట్టు వెళ్లిపోయింది.

“తేనెటీగకి తీపి ఎక్కడుందో తెలుసు,” అంది అస్నాకెచ్. “ఈ మూడోదాంట్లో తీపి లేదు. ఇది ఘాటు. జెవ్దు గాషే, మీది తీపి అన్నారుగా?”

జెవ్దు జపమాల బయటికి తీశాడు.

“రెండు ఇరవై ఐదుకి ఎట్యే మీకు తీపి ఇచ్చింది. కడుపు బాగాలేదని వెనక్కిచ్చి ఘాటు అడిగారు. అప్పటికి హబ్తే గాషే రాలేదు. విన్న షిబ్రు గాషే ఇప్పుడు మాట్లాడలేడు. ఇంక మిగిలింది ఎట్యే. ఆవిడ ప్రాణం పోయినా చెప్పదని ఊరందరిలాగే మీకూ తెలుసు.”

“అబద్ధం.”

“రుమాల్లో తెచ్చిన మాత్రల పొడి మీ ఘాటులో మీరే తీరిగ్గా కలిపారు. చేదులో చేదు దాగింది. ఫాదర్‌గారు వీధిలోకి రాగానే సీసాలు మార్చారు. షిబ్రు గాషేది మీ ముందుకొచ్చింది. ఇదిగో. నిండుగా ఉంది. ఎందుకంటే మీరు దీన్ని తాగలేరు.”

“స్నేహితుడు పడిపోతే ఎవడు తాగుతాడు?”

“పడిపోయింది మూడు పదికి. సిలువ వచ్చింది రెండు నలభైకి. అరగంట పాటు ఏం చేశారు?” సీసా ఆయన చేతిలో పెట్టింది. “తీపే కదా. ఒక్క గుక్క. మొహం మార్చకుండా తాగండి. నేను బయటికి వెళ్లిపోతాను.”

జెవ్దు ముప్ఫై ఏళ్లు కొండదారుల్లో బస్సు నడిపాడు. బ్రేకులు పోయినా మొహం మారని మనిషి అని పేరు.

తాగాడు.

కళ్లు మూసుకుపోయాయి. ముక్కు పక్కకి పోయింది. రెండు చెవులూ వెనక్కి జరిగాయని హబ్తే ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు. కడుపులో పురుగులకి కోసో కషాయం తాగించిన చిన్నపిల్లాడు కూడా అంత బాధపడడు.

“ఎన్ని మాత్రలు?” అస్నాకెచ్ గొంతు కత్తిలా ఉంది.

“ఎనిమిది...” జెవ్దు బల్ల పట్టుకుని కూలబడ్డాడు. “నేను రోజూ వేసుకునేవే. ఒక్క సాయంత్రం పడుకుంటాడనుకున్నా. రేపు పొద్దున మా అక్క తరఫు పెద్దలు ఆ అమ్మాయి ఇంటికి వెళ్తారు. మా మేనల్లుడి కోసం. అక్కకి మాటిచ్చాను. ఇక్కడేమో షిబ్రు వచ్చి పెద్దరికానికి రమ్మన్నాడు. పెద్దరికానికి పిలిస్తే ఎవడు కాదనగలడు? నువ్వు చెప్పు, హబ్తే!”

హబ్తే తల దించుకున్నాడు. “కాదనలేం. కానీ వాడు మన షిబ్రు, రా.”

అస్నాకెచ్ అప్పటికే ఫోన్‌లో మాత్రల పేరూ లెక్కా చెబుతోంది.

నాలుగు యాభై ఎనిమిది. గొడ్డలివాడు తన ఆర్డర్ కాగితం రెండుసార్లు చదివాడు. పీపాలో విషం లేదు. గొడ్డలి గోడకి ఆనించాడు. ఆశగా వర్క్‌నెష్ వైపు మొహం పెట్టాడు.

ఆవిడ ఆ మొహం నిదానంగా చూసింది.

“నీకు మంచినీళ్లు.”

ఆరు ఇరవైకి ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. షిబ్రు కళ్లు తెరిచాడు. సెలైన్ సీసా మూతి మీద బొటనవేలు పెడతానని నర్సుతో గొడవపడుతున్నాడు. పిల్లనడగడానికి ఆదివారం తనే వస్తానన్నాడు.

వర్క్‌నెష్ బల్ల ఎదుట కూర్చుంది. కళ్లలో నీళ్లు. “రిపోర్టులో రాస్తావా, తల్లీ? వెనక్కి వచ్చిందని?”

“రాయాలి, ఎట్యే. సాక్ష్యం కదా.”

ఆవిడ మొహం వాడిపోయింది. అస్నాకెచ్ కాగితం తిప్పి ముందుకు జరిపింది. వర్క్‌నెష్ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

‘మొదట ఇచ్చిన సీసా నిందితుడి నాలుకకి సరిగ్గా సరిపోయేదే. కేవలం నేరం చేయడానికే వద్దన్నాడు.’

రెండోసారి చదివింది. మూడోసారీ చదివింది. లేచి వెళ్లి ఒక బెరెలే నింపి తెచ్చింది. అరచేతిలో వొంపుకుని ముందు తను తాగింది.

“డ్యూటీలో తాగను,” అంది అస్నాకెచ్.

“నీ మొహం చూస్తే తెలీదా? ఇది పులియని తేనెనీళ్లు. తాగు.”

తాగింది. ఖాళీ సీసా బల్ల మీద పెట్టింది. ఈ సీసా కోసమే పుట్టినట్టుంది తన నాలుక. ఆ మాట పైకి అనలేదు.

వర్క్‌నెష్ కాగితం కేసి చూపించింది. “కింద ఇంకో లైను రాయి.”

“ఏమని?”

“ఆ సీసా ఏడు తేనెటీగలు తాగాయి. ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వలేదు.”