పాత బాయి ఎర్త్

గోదావరిఖనిలో పాత బాయి పక్కనుంచి పోయే దారి చాలా దగ్గర. అయినా చీకటి పడ్డాక ఎవరూ అటు పోరు. రెండో షిఫ్టు దిగి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాళ్ళు కూడా చుట్టు తిరిగే ఇళ్ళు చేరతారు. బొగ్గు తవ్వే గనిని అక్కడ బాయి అంటారు. ఒక వానాకాలం ఆ బాయిలోకి వాగు జొరబడింది. కింద ఉన్నవాళ్ళు కిందే ఉండిపోయారు. మూతికి కాంక్రీటు పలక పోసి మూసేశారు. ఆ పలక అడుగునుంచి రాత్రిళ్ళు చప్పుళ్ళొస్తాయని చెప్పుకుంటారు...

రేడియో మెకానిక్ బాబూరావుకి ఈ మాట చెబితే నవ్వేవాడు. కోస్తా నుంచి బతకడానికొచ్చినవాడు, ఏనాడూ బాయి దిగి ఎరగనివాడు. పాత బాయికి కూతవేటు దూరంలో రేకులు కప్పిన అతని షాపు, దాని వెనకే ఇల్లు. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎందుకు నిలవలేదో కనుక్కోలేదు. ఇదంతా ఎనభై ఆరు, ఎనభై ఏడు ప్రాంతపు మాట.

అతని భార్య కమలకుమారికి అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి ఎనిమిదో నెల పెట్టగానే డాక్టరమ్మ దవాఖానలో చేర్చుకుని, మంచం దిగొద్దని చెప్పింది. రాత్రిళ్ళు మగవాళ్ళను వార్డులోకి రానివ్వరు. కమలకి రాత్రంటేనే వణుకు. పోయిన బిడ్డలిద్దరూ రాత్రే పోయారు మరి. నిద్రలేక బీపీ పెరుగుతోందనీ, ఇలాగైతే ఈ బిడ్డా దక్కదనీ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

నా గొంతు వింటే పడుకుంటుంది... అనుకున్నాడు బాబూరావు. పాత రేడియోల సామాను పోగేసి చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టాడు. తను ఇంట్లో మైకు ముందు మాట్లాడితే, దవాఖానలో కమల దిండు కింది రేడియోలో వినిపించాలి. పర్మిషన్ లేని పని, అయినా చేశాడు. ఎర్త్, అంటే నేలలోకి దించే తీగ, బాగుంటేనే మాట అంతదూరం పోతుంది. పాత బాయి పలకలోంచి, ఒకప్పుడు నీళ్ళు తోడిన ఇనుప పైపు పైకి పొడుచుకొచ్చి ఉంది. కింద నీళ్ళదాకా దిగిన పైపు! అంతకంటే మంచి ఎర్త్ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? పట్టపగలు వెళ్ళి దానికి క్లిప్పు బిగించి, తీగ ఇంటిదాకా లాక్కొచ్చాడు.

మొదటి రాత్రి, కూర మాడబెట్టిన వైనమంతా చెప్పాడు. తెల్లారగానే మెప్పు కోసం దవాఖానకి పరిగెత్తాడు. కమల నవ్వలేదు.

"బాగానే వినబడ్డారండీ. కానీ... మీ మాటల వెనక ఎవరో తలుపు కొడుతున్నారు."

"తలుపా?"

"మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడు... రేడియో కట్టేద్దామంటే మీ గొంతు పోతుంది. ఉంచితే అది వినాలి. రాత్రంతా కన్ను మూతపడలేదు."

చేజేతులా ఉన్న కాస్త నిద్రా చెడగొట్టానే అని అతని ప్రాణం ఉసూరుమంది.

ఆ రాత్రే పని మొదలుపెట్టాడు. కరెంటు తీసేసి లారీ బ్యాటరీ పెట్టాడు. గుయ్‌మనే రొద పోయింది, కొట్టుడు పోలేదు. లోపలి పార్టులు మార్చాడు. ఏరియల్ తీగ రేకులకు తగలకుండా వెదురుకర్ర కట్టాడు. మైకు కూడా పీకేసి, పక్కన పెట్టుకున్న రేడియోకి చెవి ఆనించాడు.

టక్... టక్... టక్.

మైకు లేదు. మాట్లాడేవాడు లేడు. అయినా చప్పుడుంది. చివరికి ఎర్త్ తీగ ఊడదీశాడు.

నిశ్శబ్దం.

జబ్బు ఎర్త్‌లోనే ఉంది. ఎర్త్ లేకపోతే మాట దవాఖానదాకా పోదు. పగలు వెళ్ళి చూద్దామంటే పగలు ఆ చప్పుడే లేదు. లేని జబ్బుకి మందేం వేస్తాడు? మర్నాడు పొద్దుగూకాక ట్రాన్స్‌మిటర్ నడుస్తూ ఉంచి, స్పానరూ గరుకు కాగితమూ పట్టుకుని, రేడియో జేబులో వేసుకుని పాత బాయి దారి పట్టాడు.

అక్కడ కాపలా ఉండేది పోశం. బాయి నడిచే రోజుల్లో, మనుషుల్ని దించీ లేపే ఇనుప బోనుకి ఆ మూతి దగ్గరే గంట కొట్టే పని అతనిది.

"గీ యాల్లకు ఎటు సారూ?" గొంతు తగ్గించి అడిగాడు.

"నా తీగ చూసుకోవాలి పోశం."

"పొద్దుగాల చూసుకో. గిప్పుడద్దు."

"నా పెళ్ళాం నిద్రపోవాలయ్యా!"

పోశం లాంతరు పట్టుకుని వెనకే వచ్చాడు.

క్లిప్పు విప్పితే లోపలంతా నల్లటి బొగ్గుపొడి. బాబూరావుకి విషయం తట్టింది. టెలిఫోనులో మనం మాట్లాడే వైపున ఉండేదీ బొగ్గుపొడే. ఆ పొడి అదిరితే చప్పుడు తీగలోకెక్కుతుంది. ఇక్కడా అదే జరుగుతోంది. దొరికింది దొంగ! అనుకుని సంబరపడ్డాడు.

ఆ వెంటనే ఇంకో మాట తోచింది. పొడి ఊరికే అదరదు. పైపు అదిరితేనే అదురుతుంది. మరి పైపుని... ఎవరు?

ఆలోచన ఆపి గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. క్లిప్పు గట్టిగా బిగించాడు. ఇక మిగిలింది పరీక్ష. ఏ మెకానిక్కయినా లూజు ఉందో లేదో తట్టే చూస్తాడు. స్పానరు తిరగేసి పైపు మీద కొట్టాడు.

టక్. టక్. టక్.

జేబులో రేడియో కిక్కురుమనలేదు. జబ్బు కుదిరింది! నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

పోశం లాంతరు కింద పెట్టేసి పైపుకి దూరం జరిగాడు.

"ఏం జేసినవ్ సారూ... జవాబిచ్చినవ్."

"జవాబేంటి?"

"కింది నుంచి మూడుసార్లు గంట మోగితే, మనుషులు పైకొస్తమంటున్నరని. పైనున్నోడు తిరిగి మూడు కొట్టాలె. గప్పుడే బోనుల ఎక్కుతరు." పోశం మాట గొణుగులోకి దిగింది. "వాగు జొచ్చిన రాత్రి కరెంటు పాయె. గంట పనిజేయలె. ఆళ్ళు, మా తమ్ముడు గూడ, గీ పైపు మీదనే కొట్టిన్రు. బోను లేపే ఉపాయం లేనప్పుడు జవాబియ్యద్దని రూలు సారూ. నేనియ్యలె. ఇన్నేండ్లు... ఎవ్వలియ్యలె."

"పిచ్చి మాటలు..." అంటూనే బాబూరావు పైపు మీద చెయ్యి వేశాడు.

రేడియోలో ఏమీ లేదు. కానీ అరచేతి కింద ఇనుము ఒక్కసారి అదిరింది. ఒక్కటే దెబ్బ.

"ఒక్కటేనా?" పోశం అతని కళ్ళల్లోకి చూశాడు. "ఒక్కటంటే... లేపు అని."

బాబూరావు పరుగు లంకించుకున్నాడు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని, మైకు ముందు కూర్చుని, "కమలా... పడుకో కమలా..." అని మాత్రం అనగలిగాడు. మళ్ళీ ఆ చప్పుడు రాలేదు.

తెల్లారకముందే దవాఖాన నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, కొడుకు పుట్టాడు, బతికే ఉన్నాడు!

వార్డులోకి పోనిచ్చేసరికి కమల మంచం మీద అలసటగా నవ్వుతోంది. "రాత్రి మీరు పడుకోమన్నారు, హాయిగా పట్టేసిందండీ. నొప్పులతోనే లేచాను." బాబూరావు బిడ్డను ఎత్తుకుని బావురుమన్నాడు. బిడ్డ గట్టిగా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఎంత విన్నా అతనికి తనివి తీరలేదు.

ఆయా లింగవ్వ మాత్రం తడిగుడ్డతో పసివాడి నుదురు తుడుస్తూ ఉంది. కనుబొమ్మ పైన సన్నటి నీలపు గీత, ఎంత తుడిచినా పోదు.

"పుట్టుమచ్చేమో లింగవ్వా," అంది కమల.

లింగవ్వ మళ్ళీ తుడిచింది. ఆమె మొగుడు బాయి పని చేసినవాడే, ఆ గీత సంగతి ఆమెకి తెలుసు. బొగ్గు తగిలిన గాయం మానితే పొడి లోపలే ఉండిపోయి నీలంగా కనిపిస్తుంది. బాయిలో ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకే ఉంటుంది ఆ గీత.

రాత్రి డ్యూటీ దిగి పోశం వచ్చాడు. వంగి పసివాడి నుదురు చూశాడు. చాలాసేపు చూశాడు. ముడతల చెంపల మీద నీళ్ళు కారాయి.

"వచ్చినవా... తమ్మీ?"

ఏడుస్తున్న బిడ్డ టక్కున ఆగి, అతనివైపు తల తిప్పాడు.

"ఎవరండీ ఈయన?" కమల భయంగా అడిగింది. బాబూరావు గుడ్డ లాగి బిడ్డ నుదురు కప్పేశాడు. తమ్ముడో, ఎవడో... ఇప్పుడు తన కొడుకు. ఎవరడిగినా ఇవ్వడు.

పోశం అడగలేదు. కళ్ళు తుడుచుకుని పక్క మంచంవైపు నడిచాడు. అక్కడ పూలమ్మ అనే పిల్ల, రాత్రే కన్న తన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సూడు కాకా," అని మురిసిపోతూ, బిడ్డ నుదుటి మీది గుడ్డ తీసింది. అక్కడా అదే నీలపు గీత.