కడగని ఆకు

“వీటిని ఎవరు కడిగారు?”

ల్యాబ్‌లో సింకు పక్కన నిలబడి ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. అందుకే ఫొటోగ్రాఫర్‌కి ఎక్కువ భయం వేసింది.

“నేనేనండీ. జిగురుగా ఉంటే ఫొటో బాగా రాదని టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమాను. చూడండి, ఈనెలు ఎంత చక్కగా కనిపిస్తున్నాయో.”

డిపార్ట్‌మెంటు పుస్తకానికి బొమ్మలు కావాలని అతన్ని ఆ పొద్దునే పిలిపించారు. పెళ్లిళ్లలో అందరి మొహాలూ తుడిపించి ఫొటోలు తీసే ప్రాణి. వాగులోంచి తెచ్చిన కుళ్లిన ఆకులు ట్రేలో కనబడితే చెయ్యి ఊరుకోలేదు.

“ఆ జిగురే నా రీసెర్చ్,” అందామె. “ఆకు వాగులో పడగానే బ్యాక్టీరియా వచ్చి అంటుకుంటుంది. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి చేరి, కాపురాలు పెట్టేస్తాయి. వాగు వేగానికే పోని జిగురు మీ బ్రష్‌కి పోయింది.”

అతను బ్రష్‌ని మెల్లగా జేబులోకి తోసేశాడు.

“కొత్త ఆకులు మళ్లీ వాగులో పెడతాను,” అందామె, తనకు తానే చెప్పుకున్నట్టు. “వానలొచ్చేలోగా ఇంకొక్కసారికి టైముంది. ఈసారీ పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. వెళ్లి మా నాన్న లాండ్రీలో ఇస్త్రీ పెట్టె పట్టుకోవాల్సిందే.”

మర్నాడు ఆమె వాగు దగ్గరికి వెళ్లేసరికి, అతను ప్యాంటు మోకాళ్లదాకా మడిచి సిద్ధంగా ఉన్నాడు.

“మీరెందుకొచ్చారు?”

“సంచులు మోయడానికి. పెళ్లిళ్లన్నీ సాయంత్రాలే, పొద్దున ఖాళీ.”

“బ్రష్ తెచ్చారా?”

“భయంతో పళ్లు తోముకోవడం కూడా మానేశానండీ.”

ఆమె నవ్వు ఆపుకోలేక మొహం తిప్పేసుకుంది.

ఎండుటాకులు నింపిన వల సంచుల్ని రాళ్లకు కట్టి నీళ్లలో ముంచారు. వారం వారం వచ్చి చూసుకునేవారు. ఆకులు నల్లబడి మెత్తబడ్డాయి.

“పురుగులు ఆకు తినేది ఈ జిగురు కోసమే. ఇది లేని ఆకు వాటికి అట్టముక్కే,” అందామె ఒకసారి.

“పెళ్లిళ్లలోనూ అంతేనండీ. సగం మంది వచ్చేది భోజనానికే.”

ఆకును చూడాల్సినవాడు ఆమెను చూస్తుండేవాడు. దొరికిపోయినప్పుడల్లా “లైటింగ్ బాగుంది” అనేవాడు. మబ్బు పట్టిన రోజు కూడా అదే మాట అన్నాడు.

ఆ మబ్బు అనుకున్నదానికన్నా ముందే వాన తెచ్చింది. వాగు ఎర్రగా పొంగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుములోతు నీళ్లలోకి దిగి, ఒక్కో సంచీ విప్పారు.

“చెయ్యి వదిలితే చంపేస్తాను.”

“వదలమన్నా వదలను.”

తడిసి ముద్దయి దగ్గర్లో ఉన్న నాన్నగారి లాండ్రీలోకి పరుగెత్తారు. ఆమె ఆకుల్ని ట్రేలోకి మార్చి అతని చేతిలో పెట్టి, అవి పాడవకుండా ఐస్ తేవడానికి పక్క షాపుకి వెళ్లింది. జాగ్రత్త అని కూడా చెప్పలేదు.

నాన్నగారు మరక కనిపిస్తే నిద్రపట్టని మనిషి. తెల్లటి కౌంటరు మీదికి కారుతున్న ట్రేని చూడగానే బ్రష్ అందుకున్నారు.

“ఏంటయ్యా ఈ మురికి? ఇలా తే, ఒక్క నిమిషం పని.”

ఫొటోగ్రాఫర్ ట్రేని గుండెలకు హత్తుకున్నాడు.

“ఆ ఒక్క నిమిషం పని నేనోసారి చేశానండీ. మీ అమ్మాయి మళ్లీ మొదట్నించీ మొదలెట్టాల్సొచ్చింది. కావాలంటే నన్ను వానలోకి గెంటేయండి. వీటిని మాత్రం ముట్టుకోనివ్వను.”

నాన్నగారు అతన్ని ఎగాదిగా చూశారు.

“టూత్‌బ్రష్ అబ్బాయివి నువ్వేనా?”

“ఇంట్లో చెప్పేసిందా?”

“మొదటి వారం తిట్టింది. రెండో వారమూ తిట్టింది, కాకపోతే నవ్వుతూ. అప్పుడే అనుమానం వచ్చింది నాకు.”

అతను ట్రేని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. “మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ. తనకింకా చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్పావుగా. వెనక్కి తిరుగు.”

గుమ్మంలో ఆమె ఐస్ డబ్బాతో నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ముందు ట్రేలోకి చూసింది. జిగురు జిగురుగానే ఉంది. తర్వాత అతని మొహంలోకి చూసింది.

“నాకూ ఇష్టమే. ముందు ఆ ఆకులు ఐస్‌లో పెట్టు.”

నాన్నగారు తువ్వాలు తెస్తానంటూ లోపలికి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ కౌంటరు మీది బ్రష్ తనతోపాటే తీసుకుపోయారు.