మీ ఆవిడ ఒప్పుకున్నారండీ

కళ్ళద్దాల దుకాణం మీద మేడలోనే వాళ్ళ కాపురం. ఆయన వెనక గదిలో అద్దాలు సాన పడితే, ఆవిడ ముందు కూర్చుని బేరాలు చూసుకునేది, ఫోన్లు మాట్లాడేది. ఏడాదిగా మాత్రం దుకాణం ఫోను ఆయన జేబులోనే ఉంటోంది. మోగినప్పుడల్లా మిషను ఆపి, పొడి అంటిన చేతులు తుడుచుకుని ఆయనే మాట్లాడాలి. ఆవిడ అటువైపు చూడను కూడా చూడదు.

దీనికంతటికీ మూలం, ఆవిడ లేని పూట ఆయన తీసిన ఒక ఫోను. "మా పత్రికలో ప్రకటనకి మీ ఆవిడ ఒప్పుకున్నారండీ, అచ్చయిపోయింది, డబ్బు రావడమే ఆలస్యం" అన్నారెవరో. ఆయన కట్టేశాడు. ఆ పత్రికను ఊళ్ళో చూసిన నరమానవుడు లేడు. తను ఒప్పుకోలేదని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"మరి నీ పేరు వాళ్ళకెలా తెలిసింది? నిప్పు లేందే పొగ వస్తుందా?" అన్నాడాయన.

"మీరే కదండీ బోర్డు మీద రాయించింది!"

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. మర్నాటి నుంచి ఫోను ఆయన జేబులోకి చేరింది. ఇరవయ్యేళ్ళు నడిపిన మనిషిని ఒక్క పూటలో తెలివితక్కువదాన్ని చేశాడని ఆవిడ బాధ.

ఆ ఉదయం ఫలహారం దగ్గర, భార్యా ఉద్యోగానికి బయల్దేరబోతున్న కూతురూ ఎదురుగా ఉండగా, ఆయన పేపరు చదువుతూ ఆగిపోయాడు.

"ఇదిగో, విను. ఆ పత్రిక కంపెనీకి కోర్టు పెద్ద జరిమానా వేసింది. యజమాని ఇంకే వ్యాపారమూ చెయ్యకూడదట. మొగుడికి ఫోన్ చేసి పెళ్ళాం ఒప్పుకుందనీ, పెళ్ళానికి చేసి మొగుడు ఒప్పుకున్నాడనీ చెప్పేవాళ్ళట."

"నాకెందుకు వినిపిస్తారు? నా చెవులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

ఆయన తల దించుకున్నాడు. "నాదే తప్పు. పరాయివాడి మాట నమ్మాను, నిన్ను నమ్మలేదు."

ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఏదో అనబోతూ కూతురి వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"నేను పనిచేసేది అక్కడే నాన్నా. బయట బోర్డు మీద వేరే పేరుంటుంది."

"మాకు ఫోన్ చేసింది నువ్వా?" అన్నాడాయన.

"కాదు. అప్పటికి నేను చేరలేదు. చేరిన రోజే ఆ మాట నేర్పారు. వినగానే అర్థమైపోయింది."

"అర్థమయ్యీ..." ఆవిడ మాట సగంలో ఆగింది. "నేను వంటింట్లో ఏడుస్తుంటే పక్కన కూర్చుని కూరలు తరిగావు కదే!"

"చెబితే మానెయ్యమంటారని భయమేసిందమ్మా. మొదటి ఉద్యోగం. అందరూ అదే చెప్పేవాళ్ళు."

ఆయన లేచాడు. "నా కళ్ళ ముందు నుంచి..."

"మీరు కూర్చోండి," అంది ఆవిడ నెమ్మదిగా. కోపం రాలేదు. తనలాంటి ఆడవాళ్ళు ఎన్ని ఇళ్ళలో నోరు మూసుకుని తిరుగుతున్నారో అనిపించింది.

"జరిమానా యజమాని కడతాడు. డబ్బు ఎప్పుడో వెనక్కి వస్తుందేమో కూడా. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ మీద పడ్డ నింద ఎవరు తీస్తారే?"

కూతురు వెక్కుతూ చెప్పింది. "రంగుల దుకాణం ఆయనకి నేనే ఫోన్ చేశాను. ఫోను పెట్టకుండానే వాళ్ళావిడని తిట్టాడమ్మా. అంతా విన్నాను. విని, థాంక్సండీ అని పెట్టేశాను."

"ఆయనకి చెయ్యి."

"ఇప్పుడా? ఏమనమ్మా?"

"జరిగిందే చెప్పు."

కూతురు తన ఫోనులో రంగుల దుకాణం నంబరు వెతికి, స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. అవతల ఆయన పలికాడు.

"నమస్కారమండీ, పత్రికలో ప్రకటన గురించి... మీ ఆవిడ ఒప్పుకోలేదండీ. నేనే అబద్ధం చెప్పాను. క్షమించండి."

తిడతాడేమోనని పిల్ల కళ్ళు మూసుకుంది.

"నాకు కాదు," అన్నాడు అవతలాయన. "ఉండు, పిలుస్తాను. ఆవిడకే చెప్పు."

అడుగుల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, బెరుగ్గా: "ఎవరండీ?"

పిల్ల తల్లి వైపు చూసింది. ఆవిడ దగ్గరికి జరిగి, కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"చెప్పమ్మా," అంది. "ఆవిడ వింటోంది."