నడుము విరిగిన కంబం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! ప్రేతాలకు అర్ధరాత్రి ఎంత ఇష్టమో, ఈ సీమలో ఎండాకాలపు నడిపొద్దు కూడా అంతే ఇష్టం. కుందుర్పి దాపున గుట్ట మీద చినుకు లేని ఉరుము ఒకటి దొర్లింది. ఈ ఉరుములను నమ్మి నమ్మి విసిగిపోయిన జనం తలెత్తి చూడటమే మానేసినారు. పట్టపగలే భైరవ మండపంలో గుడ్లగూబ కూసింది...

మండపం గతీ అట్లాంటిదే. రక్షిత కట్టడమని నీలం బోర్డు పాతి ఎన్నేళ్లయిందో! ఏటా ఆఫీసర్లు వచ్చి, నడుము పగిలిన పెద్ద రాతి కంబాన్ని ఫోటోలు తీసుకుని, గ్రాంటు వస్తుందని చెప్పి పోతారు. వస్తుంది కూడా. పాత కట్టడాలకు సిమెంటు వాడకూడదని నిబంధన. సున్నపు పని తెలిసిన కాంట్రాక్టరు దొరికేలోగా మార్చి అయిపోతుంది, గ్రాంటు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎవరినీ అనేదానికి లేదు, అందరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు.

ఆ మండపానికి కాపలా రామాంజినమ్మ. ఆమె కూతురు గౌతమి ఎదురుకాళ్లతో పుట్టింది. అట్లా పుట్టినవాళ్ల పాదం తగిలితే పట్టేసిన నడుము విడుస్తుందని ఊరి నమ్మకం. ముసలోళ్లంతా వచ్చి తన్నించుకుని పోయేవాళ్లు. తల్లికి సద్ది తెచ్చినప్పుడల్లా గౌతమి ఆ కంబానికి కూడా కాలు ఆనించి, "నీ నడుమూ బాగైపోతాదిలే తాతా" అని నవ్వేది.

కానీ ఆ నమ్మకానికి ఇంకో ఘోరమైన ముఖం ఉంది... ఎదురుకాళ్లవాళ్ల కంటికి అంజనం పెడితే భూగర్భంలోని లంకెబిందెలు కనిపిస్తాయట! క్షుద్రోపాసకుడు సుంకప్పకు ఆ కళ్లు కావలసి వచ్చినాయి. కిందటి అమావాస్య నుంచి గౌతమి తిండి మానేసి మగగొంతుతో మూలుగుతోంది. రామాంజినమ్మ ఎక్కని గుడి లేదు. చివరికి ఎవరో చెబితే, చేతబడి చేసినవాడి కాళ్లే పోయి పట్టుకుంది పిచ్చితల్లి.

ఇప్పుడు కంబం ముందు కపాలం, చుట్టూ కుంకుమ కలిపిన ముగ్గు... నడుమ గౌతమి, జుట్టు విరబోసుకుని, కాటుక కళ్లతో.

"కంబం కింద... పసుపుపచ్చగా..." అని గొణిగింది.

సుంకప్ప గడ్డపారతో కంబం మొదలు తవ్వినాడు. పైన దూలం కిర్రుమంది. కొడవలి తీసినాడు.

"ఈ పిల్ల నెత్తురు పోస్తేనే బిందెలు కదులుతాయి."

"బాగు చేస్తానంటివి కదన్నా..."

"నీ కూతురు యాడుండాది ఈడ? ఉండేది నా పిశాచమే."

రామాంజినమ్మకు ఏడ్చే ఓపిక కూడా లేదు. కూతురి పక్కన చతికిలబడి, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది.

"గౌతమీ... తాతకు నడుము నొస్తాందంట. ఒకసారి కాలు పెట్టమ్మా."

పిశాచానికి తెలియని మాట అది! గౌతమి పాదం తనకు తానే లేచి, కంబం నడుముకు ఆనింది...

కుక్క లేని గుట్ట మీద వేయి శునకాలు ఒక్కసారిగా మొరిగినాయి. కాలభైరవుడి హుంకారానికి మండపం గడగడలాడింది! కపాలం పిండిపిండి అయింది. కంబంలోని పగులు నోరు తెరిచి సుంకప్పను నడుము దాకా, గొంతు దాకా మింగింది. కేక సగంలో ఉండగానే రాయి మూసుకుపోయింది.

"అమ్మా, ఆకలైతాంది" అంది గౌతమి, తన సొంత గొంతుతో. అప్పుడు ఏడ్చింది రామాంజినమ్మ.

కొన్నాళ్లకు ఆఫీసరు దివాకర్ రొప్పుతూ గుట్టెక్కినాడు. కంబాన్ని తడిమి చూసినాడు. పగులు లేదు. దాని చోట నోరు తెరిచిన మనిషి బొమ్మ!

"మన పాతవాళ్ల పనితనమే పనితనం" అని ఫోటో తీసి, ఫోనులో పైవాళ్లకు చెప్పినాడు. "కట్టడం గట్టిగా ఉంది సార్. ఈసారి గ్రాంటు అక్కర్లేదు."

"పక్క కంబం కూడా పగిలుండాది సార్" అంది రామాంజినమ్మ.

"చూద్దాంలేమ్మా, వచ్చే ఏడు" అని దివాకర్ దిగిపోయినాడు.

గౌతమి సద్దిగిన్నె కింద పెట్టి ఆ రెండో కంబం వైపు చూసింది. "దీనికి ఇంకొకడు రావాలంటావా అమ్మా?"

"వస్తాడులే" అంది తల్లి, అలసటగా నేల మీద కూర్చుంటూ. "గ్రాంటు కంటే ముందే వస్తాడు."