నీలికొండ మీద ఎంగిలాకులు

మణికోన రాజ్యంలోని జనానికి రెండు అలవాట్లు గట్టిగా ఉండేవి. ఒకటి, తిన్న ఆకు తిన్నచోటే వదిలి లేవడం. రెండు, పక్కవాణ్ణి అనుమానించడం. మొదటిది ఆ రాజ్యాన్ని ఎలా ముంచిందో, రెండోది ఎలా ఒడ్డుకు లాగిందో చెబుతాను, వినండి. నడిమధ్యలో ప్రశ్నలు వేయకండి, నాకు చిరాకు.

రాజధానిని ఆనుకుని నీలికొండ ఉండేది. దాని శిఖరాన పాలధార పుట్టి, కిందికి దూకి, రాజ్యంలోని పొలాలన్నిటినీ తడిపేది. ఏటా వసంతం రాగానే ఆ ధార పుట్టినచోటు చూడడానికి జనం ఏడు మలుపుల దారి ఎక్కేవారు. నడవగలిగినవాళ్ళు నడిచేవారు, నడవలేనివాళ్ళను బోయీలు డోలీల్లో మోసేవారు. ఎక్కుతూ పులిహోర, దిగుతూ పెరుగన్నం. విస్తళ్ళు, మజ్జిగ ముంతలు, చిరిగిన గుడ్డలు దారి పొడవునా విసిరేసి, "కొండేమైనా నోరు తెరిచి అడుగుతుందా?" అని నవ్వుకునేవారు. ఆ కొండకు ఒక మహిమ ఉంది. దాని మీద పడ్డది ఏదీ కుళ్ళదు, చివుకదు. తాత పారేసిన ఆకు మనవడి కాలికి తగిలేది.

ఒక ఏడు ఆ కొండ నోరు తెరవనే తెరిచింది. పట్టపగలు దిక్కులు అదిరేలా ఉరిమి, "నా దారి నాకు శుభ్రంగా అప్పజెప్పండి. అందాకా మిమ్మల్ని మోసుకొచ్చేవాళ్ళు నా దగ్గరుంటారు. వాళ్ళ కళ్ళదాకా నాచు పాకిందా, ఇక ఎప్పటికీ వాళ్ళు నా రాళ్ళే" అంది. అంతే! పాలధార ఆగిపోయింది. దారిలో ఉన్న నలభైమంది బోయీలు ఎక్కడివాళ్ళక్కడ శిలలైపోయారు.

వాళ్ళలో గురవన్న ఒకడు. తల్లీతండ్రీ పోయాక చెల్లెలు సంపెంగిని భుజాన మోసి పెంచినవాడు. ఆ నెలలోనే అతనికీ మజ్జిగమ్మే ఆదెమ్మ కూతురు రత్తికీ పెళ్ళి. ఏడో మలుపులో డోలీ బొంగు భుజాన పెట్టుకుని, కాస్త ముందుకు వంగి, కుడిచెయ్యి కిందికి చాచి శిలగా నిలబడ్డాడు. సంపెంగికి అప్పుడు పదహారేళ్ళు. అడవిలో మోదుగాకు కోసుకొచ్చి ఇంటింటికీ వేసి బతికేది. ఇంటింటా గడపలో కూర్చుని వాళ్ళు విస్తళ్ళు కుడుతుంటే చూసి చూసి, ఆకు చూపిస్తే చాలు, కుట్టింది ఏ ఇంటి చెయ్యో ఇట్టే చెప్పేది. ఒకరు చీపురుపుల్లతో కుడతారు, ఒకరు వెదురు ఈనెతో. ఒకరి కుట్టు దగ్గర, ఒకరిది దూరం.

రాజు వీరకంఠుడు ముందు తన భటుల్ని పంపాడు. రోజంతా ఊడ్చారు. తెల్లారి చూస్తే ఊడ్చిన చెత్తంతా ఎక్కడిదక్కడే ఉంది. మూడుసార్లు ఊడ్చి, మూడుసార్లూ నోళ్ళు వెళ్ళబెట్టి, కొండకు దయ్యం పట్టిందని తేల్చేశారు. అప్పటికి బోయీల మోకాళ్ళదాకా నాచు పాకింది.

సంపెంగి బుట్ట భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగింది. కూలి ఇచ్చుకోలేనని, కొండ దారి ఏరడానికి వచ్చేవాళ్ళు రమ్మని అడిగింది. మణికోనలో కూలి లేని పని అంటే ఎవరు నమ్ముతారు? ఈ పిల్లకు కొండ మీద ఏదో నిధి జాడ తెలిసిందని ఒకడు గుసగుసలాడాడు. ఏరుతున్నట్టు నటించి తవ్వుకుపోతుందని ఇంకొకడన్నాడు. సంపెంగిని కనిపెట్టి ఉండడానికి పదిమంది బయల్దేరారు. ఆ పదిమందిని కనిపెట్టడానికి ఇరవైమంది. చెబితే నవ్వుతారు గానీ, మర్నాడు పొద్దున కొండ కింద అరవైమంది బుట్టలు పట్టుకుని నిలబడి ఒకరినొకరు ఓరచూపులు చూసుకుంటున్నారు. ఆదెమ్మ వచ్చింది. ఊరి కాపలా చూసే తలారి కొండప్ప కూడా వచ్చి, ఎవరూ పిలవకుండానే అందరి బుట్టలూ తడిమి చూడడం మొదలుపెట్టాడు.

మొదటి మలుపులో కుంభనాసుడనే రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చున్నాడు. వాడి ముక్కు గుమ్మడికాయంత. ధార ఆగినప్పటినుంచీ నాలుక పిడచగట్టి మహా కోపంగా ఉన్నాడు. ఎందుకొచ్చారని గద్దిస్తే, వెనకున్నవాళ్ళు పుణ్యం కోసమని ఏకకంఠంతో అన్నారు. రాక్షసుడు ముక్కు ఎగబీల్చి, ఇంత అబద్ధం వాసన ఈ మధ్యకాలంలో తగల్లేదని తుమ్మాడు. సంపెంగి వైపు తిరిగాడు.

"నీ దగ్గర ఆశ వాసనొస్తోంది పిల్లా. నిజం చెప్పు."

"ఉంది మరి. మా అన్న కావాలి నాకు. పుణ్యం ఎవరైనా తీసుకోండి."

రాక్షసుడు ముక్కు గోక్కుని కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు. ఆమె దాటుతుంటే మాత్రం చెవిలో, "నీ వెనకాల వచ్చేవాళ్ళలో ఒకరి దగ్గర కోట వాసన కొడుతోంది. ఎవరో చెప్పను" అన్నాడు. ఆ మాటతో సంపెంగి గుండెలో ముల్లు దిగింది. అప్పటినుంచీ చెత్త కన్నా మనుషుల మొహాలే ఎక్కువ చూసింది.

సాయంత్రానికి రెండు మలుపులు అద్దంలా చేసి, నిండిన బుట్టలు కొండ కింద వరసగా పెట్టి వెళ్ళారు. తెల్లవారి వచ్చి చూస్తే బుట్టలు ఖాళీ. చెత్త మళ్ళీ దారి మీదే ఉంది. ఇక చూడండి గోల! నువ్వు కుమ్మరించావంటే నువ్వని జుట్లు పట్టుకోబోయారు. ఇంతలో తలారి కొండప్ప ఒక బుట్ట పైకెత్తి చూపించాడు. అరవై బుట్టల్లో అదొక్కటే ఖాళీ కాలేదు. అది ఆదెమ్మ బుట్ట.

అందరూ ఆమె మీద పడ్డారు. చేతబడి చేసిందని, చెత్త మాటున ఏదో దాచిందని అన్నారు. సంపెంగికీ ఒళ్ళు మండింది. అన్నకు కాబోయే అత్త కదా అని కూడా చూడకుండా బుట్ట బోర్లించింది. అన్నీ మజ్జిగ ముంతలే. ఒక్క ఆకు లేదు.

"ఇదేందత్తా, విస్తళ్ళు ఒక్కటీ ఏరలేదు?"

ఆదెమ్మ తల దించుకుంది. "కోప్పడకే తల్లీ. ఊరందరి ఎంగిలి నేనెట్టా ఎత్తుతా? చెయ్యి రాలా. నేనమ్మిన ముంతలు, నేను పారేసినయ్యి, అయ్యే ఏరుకున్నా" అంది.

కొందరు నవ్వారు, కొందరు ఛీ అన్నారు. సంపెంగి మాత్రం ఆ ముంతలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆదెమ్మది చాదస్తమే కావచ్చు. కానీ ఆమె ఎత్తినదే తిరిగి పోలేదు, మిగతావాళ్ళు ఎత్తినదంతా పోయింది. పరుగున రాక్షసుడి దగ్గరకు వెళ్ళి, ఎవరు పారేసింది వాళ్ళే ఎత్తాలా అని అడిగింది. వాడు ఇష్టం లేనట్టుగా తలూపి, ఇన్నాళ్ళకు ఒకరి బుర్ర వెలిగిందని గొణిగాడు.

ఆ రోజునుంచి సంపెంగి పని మారింది. పొద్దున్నే కొండ మీది ఆకులు తెచ్చి, కుట్టు చూసి, ఆ ఇంటి తలుపు తట్టేది. మాది కాదనేవారు. మా ఇంటి కుట్టు దొంగిలించి ఎవరో కుట్టారనేవారు కూడా ఉన్నారు, ఏం చెప్పమంటారు! ఆమె వాదించేది కాదు. గడపలో ఉన్న కొత్త విస్తరి తీసి పాతదాని పక్కన పెట్టేది. కాసేపటికి ఆ ఇంటివాళ్ళు బుట్ట వెతుక్కునేవారు. చచ్చిపోయిన తాతల ఆకులు మనవళ్ళు ఎత్తితే కొండ ఒప్పుకుంది. ఎవరి ఇంటిది ఎవరు ఎత్తుతున్నారో చూద్దామని రోజూ ఊరంతా వచ్చేది. పక్కింటివాడు ఒక్క ఆకు దాటవేస్తే ఇవతలివాడు ఊరుకునేవాడు కాదు. అలా పంతొమ్మిది రోజుల్లో అయిదు మలుపులు తేటపడ్డాయి. మొదటి మూడు మలుపుల్లోని ముసలి బోయీలు ఇంకా శిలలుగానే ఉన్నా, వాళ్ళ నాచు పాదాలదాకా దిగి తడి కూడా ఆరింది. పైన గురవన్నకు మాత్రం గడ్డం దాకా వచ్చేసింది.

తన ఇంటి సంగతి ఎవరైనా అడిగితే, మా ఇంట్లో ఏనాడూ ఒక్క ఆకు పారేసిన పాపాన పోలేదని సంపెంగి గట్టిగా చెప్పేది. నిజమనే నమ్మింది.

ఆరో మలుపులో ఏనుగంత ముళ్ళపంది పడుకుని ఉంది. దాని ప్రతి ముల్లుకూ ఒక విస్తరి గుచ్చుకుని ఉంది. మూలుగుతూ, ఎవరి ఆకు వాళ్ళు పీకితేనే నొప్పి లేకుండా వస్తుందని, వేరే చెయ్యి తగిలితే ముల్లు విసురుతానని చెప్పింది. సంపెంగి దూరంనుంచే చూసింది. ఆ విస్తళ్ళన్నీ పట్టుదారంతో కుట్టినవి. మణికోనలో పట్టుదారం విస్తరిలో తినేవాడు ఒక్కడే.

రాజసభలో ఆమె మాట పూర్తికాకముందే వీరకంఠుడు సింహాసనం మీదనుంచి లేచాడు.

"రాజు తన ఎంగిలాకు తానెత్తుతాడా? నన్ను ఒంటరిగా కొండెక్కించి ఈ గద్దె కాజేయాలని నిన్ను పంపినదెవరు?"

అప్పుడు తలారి కొండప్ప ముందుకొచ్చి దండం పెట్టాడు. సంపెంగికి రాక్షసుడి మాట గుర్తొచ్చింది. కోట వాసన వీడిదేనన్నమాట! ఇన్నాళ్ళూ వీడా తన పక్కన నడిచింది!

"ఏలినవారు చిత్తగించాలి" అన్నాడు కొండప్ప. "తమరు కనిపెట్టమంటే ఇరవై రోజులు ఈ పిల్ల బుట్ట వెతికాను. చెత్త తప్ప ఏమీ లేదు. నా ఇంటి ఆకులు పదకొండు చూపెట్టింది. ఎత్తాను. సిగ్గేసింది గానీ, ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. తమరూ ఒకసారి రండి."

రాజు వచ్చాడు. నమ్మి కాదు సుమా. వందమంది భటుల్ని, ఒంటినిండా కవచాన్ని, కొండ మీద నీళ్ళు తాగాల్సొస్తే ముందు రుచి చూసేవాణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. వంగి మొదటి ఆకు పీకాడు. ముళ్ళపంది హాయిగా ఊపిరి విడిచింది. రెండో ఆకుకు కవచం అడ్డమొచ్చి విప్పేశాడు. నూరో ఆకుకు కిరీటం కూడా తీసి కొండప్ప చేతికిచ్చాడు. ముళ్ళన్నీ ఖాళీ కాగానే ముళ్ళపంది పక్కకు తప్పుకుంది.

ఏడో మలుపు చేరి అక్కడి ఆకులు కూడా ఎవరివి వాళ్ళు ఏరేసరికి గురవన్న కింది రెప్పల దగ్గరకు నాచు వచ్చి ఆగి ఉంది. దారి మీద ఒక్క పీచు కూడా లేదు. అందరూ ఎదురుచూశారు. ఏమీ కాలేదు. ధార రాలేదు. శిలలు కదల్లేదు. నాచు ఇంకో గింజంత పైకి పాకింది.

సంపెంగికి దుఃఖం, కోపం కలగలిసి వచ్చాయి. ఎవరో ఇంకా దాస్తున్నారని అరిచింది. ఆదెమ్మ కొంగు దులిపించింది. కొండప్ప తలపాగా విప్పించింది. రాజుగారి నడికట్టు కూడా చూడాలంది, రాజు మారుమాట లేకుండా చూపించాడు. చివరికి, ఏడుస్తూ నిలబడ్డ రత్తి బుట్టను కూడా లాక్కుని తిరగేసింది. ఏమీ లేదు.

ఎండిన ధార మొదట్లో ఒక ముసలి ముని కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"అమ్మాయీ, ఈ దారిలో నువ్వు అనుమానించనిది ఎవరిని?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. తలారి, ఆదెమ్మ, రాజు, రాక్షసుడు, రత్తి, ఊళ్ళో ప్రతి గడపా.

"ఎవర్నీ వదల్లేదు తాతా."

"ఒకరిని వదిలావు" అన్నాడు ముని.

సంపెంగి చెంప పగిలినట్టయింది. మెల్లగా అన్న దగ్గరకు వెళ్ళింది. కిందికి చాచిన అతని చేతివేళ్ళ వెంట చూపు పోనిచ్చింది. రెండు రాళ్ళ సందున, వేలెడు లోతున, చిన్న మోదుగ దొప్ప ఒకటి ఉంది. కుట్లు వంకరటింకర. ఒకచోట పుల్ల విరిగి బయటికి పొడుచుకొచ్చింది. ఆ కుట్టు ఎవరిదో ఆమె ఒక్కతే చెప్పగలదు. ఆరేళ్ళప్పుడు మొట్టమొదటిసారి కుట్టుకున్న దొప్ప అది. అన్న భుజాలెక్కి, అందులో బెల్లం అటుకులు తిని, ఖాళీ కాగానే గాల్లోకి విసిరి చప్పట్లు కొట్టింది.

సంపెంగి బోర్లా పడుకుని, సందులోకి చెయ్యి దూర్చి, దొప్పను పైకి తీసి తన బుట్టలో పెట్టుకుంది. నాది, అని పైకే అంది. ఊరందరూ విన్నారు.

కొండ కడుపులో ఎక్కడో నీళ్ళు కదిలిన చప్పుడైంది. గురవన్న మొహం మీది నాచు జారి భుజాల మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి రాలింది. అతను నడుం పట్టుకుని నిటారుగా లేచి, కళ్ళు చిట్లించి, చెల్లెలి బుట్టలోకి చూశాడు.

"తీశావా? ప్రతి ఏడూ నేనే తీద్దామనుకునేవాణ్ణి చెల్లీ. భుజాన బరువుండి వంగలేకపోయేవాణ్ణి. ఈసారి ఎట్టాగో వంగా."

సంపెంగి అన్నను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దారి పొడవునా మిగతా ముప్పైతొమ్మిదిమంది బోయీలూ కదిలారు. పాలధార ముని పాదాలు తడిపి, ఏడు మలుపులూ దూకుతూ కిందికి పోయింది. కుంభనాసుడు దారికి అడ్డంగా పడుకుని నోరు తెరిచాడని, రాజ్యానికి నీళ్ళు అందడం ఒక పూట ఆలస్యమైందని చెబుతారు.

గురవన్నకూ రత్తికీ పెళ్ళి కొండ కిందే జరిగింది. పెళ్ళినాడే రాజు ఏడు మలుపుల దారికి సంపెంగిని దొరసానిని చేసి, ఆ దారి మీద తన మాట కన్నా ఆమె మాటే చెల్లుతుందని చాటించాడు. రత్తి దగ్గర ఆమె క్షమాపణ అడిగింది. రత్తి అప్పుడే ఇవ్వలేదు, మూడు రోజులు బెట్టు చేసి ఇచ్చింది.

పెళ్ళి భోజనాలయ్యాక ఒక విడ్డూరం జరిగింది. ఎవ్వరూ లేవలేదు. పక్కవాడు తన ఆకు తీస్తాడో లేదో చూద్దామని అందరూ అలాగే కూర్చున్నారు. మణికోన బుద్ధి ఎక్కడికి పోతుంది! చివరికి పంక్తి మొదట్లో వీరకంఠుడు అటూ ఇటూ చూసి, తన విస్తరి మడిచి చేత పట్టుకుని లేచాడు. వెనకే ఊరంతా లేచింది.

సంపెంగి అందరికన్నా ఆఖరున లేచింది. తన ఆకు తీశాక, కూర్చున్నచోటు ఇంకోసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

కథ కొండ దిగిపోయింది. మీరూ లేవండి, మీ ఆకు మరవకండి.