తడితే పలకకూడని మలుపు

నాంటికోక్ నది మీద చేపలు పట్టేవాళ్ళని ఎవర్నైనా అడగండి. చలికాలంలో పొద్దు వాలాక కాలిన రేవు మలుపు దగ్గర లంగరు వెయ్యొద్దంటారు. ఎందుకని అడిగితే మాత్రం నేలచూపులు చూస్తారు.

తాతల నాడు అక్కడ పొగపడవ ఒకటి రేవుతో సహా తగలబడిపోయిందట. కింది అరలో బొగ్గు ఎత్తే మనిషి ఉండిపోయాడు. పైకి రాలేక లోపల్నుంచి తడుతూనే ఉన్నాడట — టక్... టక్... టక్. పడవ మునిగినా ఆ తట్టడం ఆగలేదంటారు. మలుపులో ఏ పడవ ఆగినా సరే, అడుగున మూడుసార్లు తడతాడు. విని ఊరుకుంటే తనూ ఊరుకుంటాడు. తిరిగి తట్టావా... తలుపు తీసినట్టే.

నాకీ సంగతి నలుగురు చెప్పారు, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఒక్క మాట మాత్రం అందరిదీ ఒకటే. చలికి నెడ్లు లోతు వెతుక్కుంటూ వచ్చి కుప్పపడేది ఆ మలుపులోనే. పసుపు పెర్చ్ చేపల్ని మా వైపు నెడ్లు అంటారు. దెయ్యానికి చోటు ఎంచుకోవడం తెలుసు, అది ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది జనవరిలో మెరిల్ ఇన్స్‌లీ అక్కడే పోయాడు. జీవితమంతా పీతల పడవ నడిపిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక పడవ అమ్మేసి, ఒక్కరు కూర్చుని తెడ్డేసుకునే చిన్న పడవ, కయాక్, కొనుక్కున్నాడు. ఆ సాయంత్రం ఆటు వెంట కయాక్ ఒక్కటే కొట్టుకొచ్చింది. మనిషి మర్నాడు దొరికాడు. కయాక్‌కి లంగరు తాడు మూరెడు వేలాడుతోంది. దాని కొస పుటుక్కున తెగింది కాదు. కత్తితో కోసింది.

దాంతో ఊళ్ళో రెండు కథలు పుట్టాయి.

మొదటిది ఎరల కొట్లో పుట్టింది. మెరిల్ తిరిగి తట్టాడు, అందుకే పోయాడని. ఆయనకి ఆ అలవాటుంది మరి. బురద బూట్లతో ముందు గుమ్మంలోంచి వస్తే భార్య లవీనా ఊరుకోదు. అందుకని చేపలు తెచ్చిన రోజు వంటింటి కిటికీ మీద మూడుసార్లు తట్టేవాడు. లోపల్నుంచి ఆమె గరిటెతో మూడుసార్లు తట్టేది, పెరటివైపు రమ్మని. కాపురం పొడుగునా అదే వరస. అలాంటి మనిషి కింద తట్టింది విని ఊరుకుంటాడా?

రెండో కథ చర్చి మెట్ల మీద, గొంతు తగ్గించి చెప్పుకున్నారు. లంగరు తాడు తన చేత్తో తనే కోసుకున్నవాడు... బతకాలనుకున్నవాడేనా? పడవ అమ్మిన దగ్గర్నుంచీ దిగులుగానే ఉన్నాడుగా?

ఏటా వసంతంలో రేవు మీద పాస్టరు నది తీసుకుపోయినవాళ్ళ పేర్లు చదువుతాడు. పేరు పేరుకీ ఒక పూలదండ నీళ్ళలో వేస్తారు. తమంతట తాము వెళ్ళినవాళ్ళ పేర్లు మాత్రం చదవరు. మొన్నటి వసంతంలో మెరిల్ పేరు చదవలేదు. లవీనా తను కట్టిన దండ చేత్తో పట్టుకుని చివరిదాకా నిలబడింది. ఒక్కరు కూడా ఆమె వంక చూడలేదు. ఆ దండని ఆమె నీళ్ళలో వెయ్యలేదు, ఇంటికి తెచ్చి వంటింట్లో మేకుకి తగిలించింది. దాని పక్కనే ఆ మూరెడు తాడు.

ఆ వేసవంతా ఆమె కయాక్ తొయ్యడం నేర్చుకుంది. అరవై దాటిన మనిషికి ఇదేం పిచ్చి అన్నారు. అననీ అంది.

మళ్ళీ జనవరి వచ్చింది. వాయవ్యపు గాలి ఎడతెరిపి లేకుండా వీచింది. ఆ గాలి పట్టుకుంటే నదిలో నీళ్ళన్నీ అఖాతంలోకి తోసుకుపోయి, ఆటు ఎన్నడూ లేనంత కిందికి దిగుతుంది. మెరిల్ పోయిన రోజూ ఇదే గాలి. మధ్యాహ్నం లవీనా ఎరల కొట్టుకి వెళ్ళి గడ్డిరొయ్యలు ఇమ్మంది.

కొట్టు యజమాని ట్విలీ రొయ్యలు కప్పులో పోస్తూ ఆగాడు. "ఎటువైపమ్మా?"

"కాలిన రేవుకి."

పొయ్యి దగ్గర కూర్చున్న మెరిల్ తమ్ముడు రస్ తలెత్తాడు. "వదినా, నీకేమైనా మతి పోయిందా?"

"పోయిందని ఊరంతా అంటూనే ఉన్నారుగా. పోతే పోయింది."

"తడితే పలక్కూడదమ్మా," అన్నాడు ట్విలీ మెల్లగా. "నవ్వులాట కాదు."

"తలుపు తట్టినవాళ్ళని ఎవరని అడక్కుండా ఉండటం మా ఇంట్లో లేదు ట్విలీ. అడిగొస్తాను."

రస్ లేచి దగ్గరకొచ్చాడు. "దెయ్యం సంగతి వదిలెయ్. అన్నయ్య కయాక్‌లో లంగరు కట్టే కొక్కెం సీటు పక్కన ఉంది. అది తోక దగ్గరుండాలి, పక్కన కడితే అంత చిన్న పడవ ఒరిగిపోతుంది. మా పెద్ద పడవల్లో ఎక్కడ కట్టినా చెల్లుతుంది, ఆ అలవాటు కొద్దీ అక్కడ బిగించాడు. కనీసం అదైనా మార్చుకుని వెళ్ళు."

"మార్చను. ఆయన ఎలా కట్టాడో అలాగే కడతాను. ఆయన కూర్చున్నట్టే కూర్చుంటాను. లేకపోతే ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది?"

"ఏం జరిగిందో తాడే చెప్పింది కదా..." అని నాలిక కరుచుకున్నాడు రస్.

లవీనా కప్పుకి మూత బిగించింది. "ఆ మాట ఏడాదినుంచి నీ కడుపులో ఉందని నాకు తెలుసు. నేను తిరిగొచ్చాక నా మొహం చూసి అను," అనేసి వెళ్ళిపోయింది.

నీళ్ళు దూరని సూటు, పైన లైఫ్ జాకెట్, దాని మీద చిన్న కత్తి. మలుపు చేరేసరికి ఎండ చెట్ల కొసలకి ఎక్కింది. కాలిన రేవు గుంజలు నల్లగా, ఎప్పుడూ కనపడనంత పొడుగ్గా నీళ్ళలోంచి లేచి ఉన్నాయి. సీటు పక్కన లంగరు కట్టి వదిలింది.

నెడ్లు వరసగా పడ్డాయి. పడిపోయిన చెట్టు వారగా గాలం వేస్తే పికరెల్ చేప ఒకటి పళ్ళు చూపిస్తూ వచ్చింది. ఒళ్ళంతా ముళ్ళే, అయినా మెరిల్‌కి ప్రాణం. దాన్ని కూడా బుట్టలో వేసుకుంది. పొద్దు పోయింది. తలకి కట్టుకున్న దీపం ఆమె వెలిగించలేదు.

గాలి ఆగిపోయింది. ఆటు మాత్రం గుంజల మధ్య గుసగుసలాడుతూ దిగుతోంది...

టక్.

లవీనా చేతిలో గాలం కదల్లేదు.

టక్... టక్.

సరిగ్గా ఆమె కూర్చున్న చోటే, కిందనుంచి. భయపడింది, పడలేదని ఆమె కూడా ఎప్పుడూ అనలేదు. కానీ భయం వెనకాలే కోపం కూడా వచ్చింది. ఏడాదినుంచి ఊరు ఊరంతా ఈ చప్పుడుకి భయపడి, తన మొగుడి పేరు ఎత్తడం మానేసింది.

తెడ్డు తిరగేసి, కయాక్ అడుగు మీద మూడుసార్లు గట్టిగా తట్టింది.

"చెప్పు," అంది చీకట్లోకి. "ఎవరు నువ్వు?"

అంతలో తాడు బిర్రబిగిసింది. కయాక్ పక్కకి ఒరిగింది. కింద ఏదో తాడు పట్టుకుని లాగుతోంది — ఆగి ఆగి, ఊపిరి తీసినట్టు. కయాక్ అంచు మునిగి నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి. బుట్ట జారిపోయింది. ఇంకొక్క లాగుడికి తిరగబడుతుంది.

ఆలోచించే వ్యవధి లేదు. చెయ్యి దానంతటదే కత్తి మీదికి వెళ్ళింది. దానంతటదే తాడు కోసింది.

కయాక్ ఎగిరి రెండోవైపు ఒరిగింది. లవీనా రెండు మోకాళ్ళూ దాని పక్కలకి బిగించి నిలదొక్కుకుంది. తెడ్డు నీళ్ళ మీద పరిచి, అలాగే ఉండిపోయింది. చేతిలో కత్తి, ఒళ్ళో తాడు కొస. ఆ కొస వంక చూసింది. అచ్చం వంటింట్లో మేకుకి ఉన్నదానిలాగే ఉంది.

"బతకడానికి కోశావు," అంది. "పిచ్చివాడా... ఇంటికి రావడానికి కోశావు." అప్పుడు ఏడ్చింది, గట్టిగా, నదంతా వినపడేలా.

తరవాత దీపం వెలిగించింది. కాస్త దూరంలో నల్లటి తలకాయ ఒకటి నీళ్ళలోంచి లేచింది. మునిగింది. మళ్ళీ లేచింది. లవీనా వెనక్కి పోలేదు. దగ్గరికి తోసుకెళ్ళి తెడ్డుతో ఒక్కటి వేసింది.

చెక్క. కాలిన రేవు దుంగ. ఒక కొస బురదలో దిగబడి, రెండో కొస ఆటు తోసినప్పుడల్లా మునిగి లేస్తోంది. నీళ్ళు ఇంతగా తగ్గితే తప్ప పడవ అడుగుకి అందదు. దాని నెత్తిన తుప్పు మేకు ఒకటి వంగి, కొక్కెంలా ఉంది.

మర్నాడు ఆటుకి రస్ తన పీతల పడవ తెచ్చి గొలుసు వేసి దుంగని పీకాడు. ఒడ్డున ఊరు సగం నిలబడింది, పాస్టరుతో సహా. దుంగకి రెండు లంగర్లు చుట్టుకుని ఉన్నాయి. ఒకటి నిన్నటిది. రెండోది పాచి పట్టి ఉంది. రస్ బొటనవేలితో పాచి గీకాడు. కింద ఆకుపచ్చ మీద తెల్ల పట్టీ బయటపడింది. అది మెరిల్ తన పీతల బుట్టల బెండ్లకి వేసుకునే రంగు. దాని తాడు మేకు కింద నలిగి, కొస కత్తితో కోసి ఉంది.

రస్ టోపీ తీసేశాడు. "దుంగే లాగేసింది," అన్నాడు. "లాగేస్తుంటే కోశాడు. తాడు తెగేసరికి అటు ఎగిరి పడుంటాడు. ఆ మోకాళ్ళతో ఏం నిలదొక్కుకుంటాడు... వదినా, నేను..."

"నాకు కాదు. ఈ మాట ఆయనకి చెప్పు," అంది లవీనా పాస్టరు వైపు చూపిస్తూ.

"ఈ వసంతంలో చదువుతానమ్మా," అన్నాడు పాస్టరు.

"మొట్టమొదట చదవండి. పోయినసారిది కూడా కలిపి రెండుసార్లు చదవండి."

ఆ వారంలోనే మలుపులో జనం లంగర్లు వెయ్యడం మొదలెట్టారు. దుంగ ఒడ్డున మంచు కప్పుకుని పడి ఉంది. పిల్లలు ఎక్కి గెంతుతున్నారు.

కొన్నాళ్ళకి లవీనా మళ్ళీ వెళ్ళింది. కొక్కెం తోకకి మార్పించుకుంది, లంగరు అక్కడ కట్టింది. అందరూ ఇళ్ళకి పోయారు, పొద్దు పోయింది. ఆటు అయిపోయి పోటు ఇంకా మొదలుకాని వేళ, నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఆకు కూడా కదలడం లేదు.

టక్... టక్... టక్.

లవీనా ఒడ్డు వంక చూసింది. దుంగ అక్కడే ఉంది.

దీపం వెలిగించలేదు. తెడ్డు తిరగేసి, గరిటెతో తట్టినట్టు మెల్లగా మూడుసార్లు తట్టింది.

"పెరటివైపు రా," అని, గాలానికి కొత్త రొయ్య గుచ్చుకుంది.