నీళ్లు పోయరాదు

మా చిన్నది చదివే యూనివర్సిటీలో, చీకటి పడ్డాక ఎండు మడి వైపు ఎవరూ వెళ్లరు. సైకిళ్ల మీద తిరిగే కుర్రాళ్లు కూడా నర్సరీ దగ్గరే వెనక్కి తిప్పుకుని హాస్టల్‌కి పోతారు. కుక్కలు సైతం అటు పోవని చెబుతారు గానీ, ఆ కుక్కల మాట నేను నమ్మను. మిగతాది నమ్ముతాను, ఎందుకంటే చెప్పింది చిన్నది. అది అబద్ధం ఆడదు. నాకు తెలిసి ఒక్కసారే ఆడింది, అది కూడా ఆ మడి దగ్గరే.

చిన్నది అంటే నా చెల్లెలు. సహజ వనరుల సంరక్షణ చదువుతోంది. చదువు పేరు విని మా పెదనాన్న, "అంటే ఏం చేస్తావమ్మా, చెట్లకి కాపలా కాస్తావా?" అన్నాడు. "అంతే పెదనాన్నా," అంది. దానికి దెయ్యాలంటే భయం లేదు. బొద్దింకలంటే ఉంది.

క్యాంపస్ చివర, రాయి తవ్వి వదిలేసిన గుంట పక్కన, రెండు మడులున్నాయి. రెండింట్లోనూ అవే మొక్కలు, ఒకే రోజు నాటినవి. ఒకదానికి నీళ్లు పెడతారు. రెండోదానికి పెట్టరు — వానొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎవరూ నీళ్లు మోసుకెళ్లలేని బోడి గుట్టల మీద ఏ మొక్క నాటాలో తెలియాలంటే, ఇక్కడ కొన్ని మొక్కలు దాహంతో చావాలి. ఆ రెండోదే ఎండు మడి. దాని ముందు ఒక చెక్క బోర్డు. 'నీళ్లు పోయరాదు.'

ఆ బోర్డు రాసినవాడు కొంగ. మనిషి సన్నం, కాళ్లు పొడుగు. నడుస్తూ నడుస్తూ ఆగి, ఒంటికాలి మీద నిలబడి మొక్కని చూసేవాడట, అందుకని ఆ పేరు. చిన్నదానికి సీనియర్. మొదటి వేసవిలో ఇది జాలిపడి తన సీసాలో నీళ్లు ఎండు మడిలో వంచబోతే, చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. ఒక్క గుక్క పోసినా రెండేళ్ల పని గంగలో కలిసినట్టే."

"చచ్చిపోతోంది కదా..."

"చావనీ. నువ్వు చూడు, అంతే. చూడటమే మన పని."

ఆ చెయ్యి పట్టుకున్న సంగతి చిన్నది నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారికి నాకు అర్థమైంది. అతనికి అర్థమయ్యేలోపే — కొంగ పోయాడు.

ఈ వేసవి మొదట్లో కడుపునొప్పని పెద్దాసుపత్రిలో చేర్చారు. పేగుకి చిల్లు పడిందని ఆపరేషన్ చేశారు. ఆ రాత్రంతా నీళ్లు, నీళ్లు అని అడిగాడని, ఎవరూ ఇవ్వలేదని, తెల్లారేసరికి ప్రాణం పోయిందని తోడున్న కుర్రాళ్లు వచ్చి చెప్పారు. చిన్నది కొన్నాళ్లు తిండి సరిగా తినలేదు. తర్వాత లేచి మొహం కడుక్కుని, కొంగ పని తను పూర్తిచేస్తానని మేడమ్‌ని అడిగింది. మేడమ్ అంటే వాళ్ల గైడు. వేసవి చివర ఏ మొక్క నిలిచిందో చూసి, కొంగ పేరు పైన పెట్టి అచ్చువేయిద్దామని ఆవిడ మాటిచ్చింది. చిన్నదానికి అతని తాలూకు మిగిలింది అదొక్కటే.

అప్పుడు మొదలైంది.

రాత్రిళ్లు ఎండు మడి దగ్గర నీళ్ల చప్పుడు. గ్లక్... గ్లక్... ఎవరో ఆత్రంగా తాగుతున్నట్టు. అక్కడ కుళాయి లేదు, బావి లేదు. పొద్దున వెళ్లి చూస్తే మొక్కల మొదళ్లు తడి. ఎండిపోవాల్సిన కొమ్మలకి చిగుళ్లు.

మొదట విన్నది వాచ్‌మన్. సర్కారు యూనివర్సిటీ కదా, ఆయనకి టార్చి ఇచ్చారు, బ్యాటరీలు ఇవ్వలేదు.

"ఆ అబ్బాయే పాపా," అన్నాడు గొంతు తగ్గించి. "దాహంతో పోయాడు కదా... తాగుతున్నాడు. మధ్యమధ్యలో 'నాన్నా... నాన్నా...' అంటున్నాడు. ఈ చెవులతో విన్నాను."

కొంగకి తండ్రి లేడు, ఇతను పాలు తాగే వయసులోనే ఆయన పోయాడు. ఆ సంగతి వాచ్‌మన్‌కి తెలిసే దారే లేదు. పోయినవాడు... పోయినవాణ్ని పిలుస్తున్నాడన్నమాట.

మేడమ్ దెయ్యాన్ని నమ్మలేదు. తడిని నమ్మింది.

"ఎవరో పోస్తున్నారమ్మా. ఇప్పటికైనా ఆపితే సగమైనా దక్కుతుంది. ఆపలేకపోతే మడి మూసేయడమే. నీకు ఏడాది పోతుంది, అతని పనీ పోతుంది. చూసుకో."

ఆ రాత్రి చిన్నది వెళ్లింది. వాచ్‌మన్ నర్సరీ దాకా తోడొచ్చాడు. అక్కడ ఆయనకి ఉన్నట్టుండి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. ఇది ఒక్కతే నడిచి, తడి మడి గట్టు వెనక కూర్చుంది. గాలి లేదు. ఆకు కదల్లేదు.

"నిజం చెప్పనా అక్కా," అంది తర్వాత నాతో. "అది కొంగే అయితే బాగుండును అనుకున్నాను. ఒక్కసారి కనబడితే చాలు, తర్వాత ఏమైపోయినా ఫరవాలేదనుకున్నాను."

ఆ మాటకి దాని తల నిమిరాను.

ప్రహరీ కూలిన చోట... ఏదో తెల్లగా కదిలింది.

ఆగింది. మళ్లీ కదిలింది. కింద కాళ్లు కనబడటం లేదు — తెల్లటిది మాత్రం గుంట అంచు వెంట తేలుకుంటూ వస్తోంది. బోర్డు దాటింది. ఎండు మడిలో వంగింది.

గ్లక్... గ్లక్...

ఆపైన గుసగుసగా — "నాన్నా..."

చిన్నది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాగు నాన్నా... మెల్లిగా... తాగు."

తాగు! అప్పుడు తెలిసింది దానికి. అది తండ్రిని పిలిచే కొడుకు కాదు. కొడుకుని పిలిచే తల్లి. మా అమ్మ కూడా మా తమ్ముణ్ని రోజుకి వందసార్లు నాన్నా అనే పిలుస్తుంది. కానీ చీకట్లో అది ఎవరికి గుర్తొస్తుంది?

చిన్నది తన టార్చి వేసింది. తెల్లకోటు, ఆసుపత్రిలో నర్సులు వేసుకునేది. చేతిలో నీళ్ల క్యాను. కొంగని తీసుకెళ్లిన రోజు చూసిన మొహమే... కొంగ వాళ్లమ్మ.

ఆవిడ వెలుగుకి కళ్లు చిట్లించింది గానీ పోయడం ఆపలేదు.

"వాడి క్లాసు అమ్మాయివి కదూ? ఏమనుకోకమ్మా. పగలు వద్దామంటే అందరూ నన్ను చూసి మాటలు ఆపేస్తారు. అందుకే డ్యూటీ దిగి ఇటు వస్తున్నా." క్యాను ఇంకో మొక్క వైపు జరిపింది. "ఒకసారి తీసుకొచ్చి చూపించాడు, ఇది నా మడి అమ్మా అని. ఏదేదో చెప్పాడు. నైట్ డ్యూటీ చేసి ఉన్నాను... సగం నిద్రలో ఊఁ కొట్టాను. సరిగా వినలేదు."

క్యాను ఖాళీ అయింది. ఆవిడ బోర్డు వంక చూసింది.

"వాడి రాతే. చదివాను. కానీ... వాడి మంచానికి కూడా ఇలాంటి బోర్డే తగిలించాం. నోటికి ఏమీ ఇవ్వరాదని. నేనే తగిలించాను. రాత్రంతా అడిగాడమ్మా — ఒక్క చుక్క అమ్మా, ఒక్క చుక్క అని. తడిగుడ్డతో పెదాలు తుడిచాను, అంతే. నర్సుని కదా. రూలు నేనే తప్పితే ఎలా అనుకున్నాను."

చిన్నది టార్చి కిందికి దించింది.

"వీటికి ఎందుకు పోయకూడదు?" అంది ఆవిడ, గొంతు ఇంకా తగ్గించి. "నేనేమైనా తప్పు చేస్తున్నానా? వాడి పనికేమైనా..."

మాట మధ్యలోనే ఆపేసి దీని మొహంలోకి చూసింది.

చిన్నది దగ్గర జవాబుంది. చెయ్యి పట్టుకుని మరీ కొంగ నేర్పిన జవాబు. ఆ రాత్రి చెప్పి ఉంటే సగమైనా దక్కేది, అతని పేరు అచ్చులో నిలిచేది.

"ఏం లేదు ఆంటీ," అంది. "ఈ బోర్డు పాతది. తీసేయడం మర్చిపోయాం."

రెండు చేతులతో పట్టుకుని ఊపింది. మట్టి తడిగా ఉంది కాబట్టి తేలిగ్గానే ఊడివచ్చింది.

"ఆ క్యాను ఇలా ఇవ్వండి. నర్సరీ కుళాయి ఎక్కడుందో నాకు తెలుసు."

మర్నాడు మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ సరే మూసేద్దాం అంది. కొంగ పేరు ఎక్కడా అచ్చు కాలేదు. చిన్నదానికి ఏడాది పోయింది. ఎందుకు పోయిందో ఇంట్లో నేనొక్కదాన్నే ఎరుగుదును.

ఎండు మడికి చెడ్డపేరు మాత్రం ఇంకా పెరిగింది. ఇదివరకు ఒక్క దెయ్యమే వచ్చేదని, ఇప్పుడు రెండు వస్తున్నాయని వాచ్‌మన్ కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడు. రెండోది పొట్టిగా ఉంటుందట. ఆ మాటకి చిన్నదానికి కోపమొచ్చింది.

మొదటిది నీళ్లు పోస్తూ నాన్నా, నాన్నా అని పిలుస్తుందట. రెండోది ఏమీ పిలవదట, ఊరికే పోస్తుందట.

ఏమని పిలుస్తుంది, పాపం.